ఇరవై ఏడో జెండా

మల్లకుంట,
ఆగస్టు 18.

అన్నా,

నువ్వు కొట్టావు గాని సరిగా కొట్టలేదు. రాజశేఖర్ సార్ మళ్లీ డ్యూటీకి వచ్చాడు. తలకు ఏడు కుట్లు పడ్డాయట. వాటి మీద కంపెనీ టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు. నన్ను చూసి నవ్వి, "మీ అన్న ఎట్లున్నడు రోజా, జైల్ల తిండి మంచిగ పెడ్తున్నరా" అని అడిగాడు. పెడుతున్నారు సార్, మీ పేరు చెప్పుకుని తింటున్నాడు అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఆ పూటకు నాకది చాలు. రేపటికి చాలదు.

పని మానెయ్యమని నువ్వు అవ్వతో చెప్పి పంపావు. మానను. ఆ డిపో మిలిటరీ చేతిలో ఉన్నన్నాళ్లూ బాపు అక్కడ నూనె డ్రమ్ములు కడిగాడు. మూసేసి ముప్పై ఏళ్లయినా ఆ డ్రమ్ములు ఆయన్ని వదల్లేదు. చివరికి ఒంటి మీది తోలు చేప పొలుసులా లేచి, కళ్లు పచ్చబడి పోయాడు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఆ నేలలో ఏముందో నా కళ్లతో చూడాలని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు చూస్తున్నాను.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. మిలిటరీ వాళ్లు పాత నూనె, బ్యాటరీల యాసిడ్, రంగులు కడిగిన నీళ్లు గుంతలు తవ్వి పోశారు. ఆ గుంతల మట్టి ఇప్పటికీ నల్లగా, జిడ్డుగా ఉంటుంది. ఆ మట్టి తీసి నేల శుభ్రం చేసే కాంట్రాక్టు రాజశేఖర్ సార్ నడిపించే ఈ కంపెనీది. ఇంజనీరు మిషన్ పెట్టి చూస్తాడు. ఎక్కడ విషం ఎక్కువుంటే అక్కడ నేను ఇనుప తీగకు కట్టిన ఎర్రజెండా గుచ్చి, మార్కర్‌తో నంబరు వేస్తాను. జేసీబీ తవ్వుతుంది. టిప్పర్లు టార్పాలిన్ కప్పుకుని గేటు దాటుతాయి. ఆ మట్టిని హైదరాబాద్ అవతల ఏదో ప్లాంటులో కాల్చి శుద్ధి చేస్తారట. పదో తరగతి తప్పిన నేను ఇప్పుడు ఆ మిషన్ చదవగలను. ఎవరూ నేర్పలేదు. ఇంజనీరు పక్కన నిలబడి అతని కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూసి నేర్చుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను, చెప్పు. ఎందుకు కొట్టావు? పోలీసుల కాగితంలో తాగి గొడవ పడ్డాడని రాశారు. నువ్వు తాగవు. కూలి డబ్బుల దగ్గర మాటామాటా పెరిగిందని ఊళ్లో అంటున్నారు. కూలి కోసం నువ్వు జాకీ రాడ్డు ఎత్తవు. కన్న అవ్వ అడిగితే తల దించుకున్నావట.

నీకు జామీను నిలబడడానికి ఇద్దరు కావాలని తిరుగుతున్నాను. సగం ఊరు డిపోలో పనికి పోతోంది కదా, అందరికీ నడుం నొప్పే, ఎవరూ లేచి నిలబడడం లేదు.

నీ చెల్లె,
రోజా


జైలు, నిజామాబాద్,
ఆగస్టు 30.

చెల్లె రోజాకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు పేపర్లు చదివి చదివి పేపర్ తెలుగే రాస్తున్నావు. నేనూ అట్లాగే రాయాలని చూస్తున్నాను, నవ్వకు.

నేను బాగున్నాను. మా బ్యారక్‌లో లింగం అని బోధన్ అతను ఉన్నాడు. ఒకప్పుడు చెరకు లారీ నడిపేవాడు. "చెరుకు పాయె, లారీ పాయె, నోరొక్కటే మిగిలింది తమ్మీ" అంటాడు. ఆ నోటితోనే రోజంతా మమ్మల్ని నవ్విస్తాడు.

ఎందుకు కొట్టావని అడిగావు. కోపమొచ్చి కొట్టాను. అంతే రాయగలను. ఇక్కడి నుంచి పోయే ఉత్తరమైనా, వచ్చే ఉత్తరమైనా సార్లు చదివాకే చేతికి వస్తుంది.

నువ్వు ఆ పని మానెయ్యి. రాజశేఖర్ జోలికి పోకు. నీకు పని కావాలంటే ఇందల్వాయి దగ్గర హైవే మీద హోటళ్లున్నాయి, ధర్పల్లిలో బట్టల దుకాణాలున్నాయి.

ఆశన్న మామ పసుపు ఎట్లా ఉంది? ఆకు పచ్చగానే ఉందా? ఊరికే అడుగుతున్నాను.

అవ్వను ఎక్కువ పని చేయనీయకు. మన చెలకలో, పొలం బాయి దగ్గరి మూలన, ఏమీ వేయొద్దని చెప్పు. అక్కడ పాములున్నాయి.

మీ అన్న,
రంజిత్


మల్లకుంట,
సెప్టెంబర్ 22.

అన్నా,

ఇది చదివే జైలు సార్లకు ముందుగా నమస్కారం. మీరు కూడా కూరలో పసుపు వేసుకునేవాళ్లే కాబట్టి శ్రద్ధగా చదవండి.

పోయిన గురువారం కంపెనీ వాళ్లు గ్రామ పంచాయతీ ముందు అవగాహన సభ పెట్టారు. శిరీష మేడం అని ఒకామె వస్తుంది. మంచిదే పాపం, మాట మెత్తన. పెద్ద బొమ్మల అట్టలు తెస్తుంది, అందరికీ తలా ఒక సబ్బు పంచుతుంది. మొదటి బొమ్మలో వానపాము ఏడుస్తుంటుంది, చివరి బొమ్మలో అదే వానపాము నవ్వుతుంటుంది. శుభ్రమైన మట్టిలో వానపాము సంతోషంగా ఉంటుందని మేడం చెప్పింది. రాధాబాయి అత్త బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, చేతులు ఆపకుండా, "పాము నవ్వుతున్నది మేడం, మంచిగనే ఉన్నది. మా బాయిల కప్పలెందుకు లేవో దాన్నడిగి చెప్పు" అంది. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది. రాజశేఖర్ ఆ పుస్తకం వైపు చూశాడు.

నేను రాధాబాయి అత్తనే చూస్తూ కూర్చున్నాను. కప్పలు లేని బాయి అత్త వాళ్లది, అంటే ఆశన్న మామ పొలంలోది. నువ్వు పోయిన ఉత్తరంలో ఆ పొలం గురించే అడిగావు. ఊరికే అడుగుతున్నాను అన్నావు. ఊరికే అడిగేవాడివి వడ్ల గురించి అడగాలి, వాన గురించి అడగాలి.

ఆదివారం కలుపు తీయడానికి వస్తానని మామ పొలానికి పోయాను. ఆకు పండుబారిపోయింది. ఈ నెలలో పండే ఆకు కాదు అది. ఒక మొక్క పీకి దుంప నలిపి వాసన చూశాను. స్టవ్వులో పోసే గ్యాస్‌నూనె వాసన. మామ చేతుల మీద పొక్కులు. బాపుకు మొదట లేచినట్టే, వేళ్ల సందుల్లో.

ఇక పొలం మూలన చూసింది చెబుతాను. మూడు రాళ్లు పేర్చి, సున్నం కొట్టి, ముందర కొబ్బరికాయ చిప్పలు. ఆ రాళ్ల మధ్య ఇనుప తీగకు ఎర్రజెండా. జెండా నిండా కుంకుమ.

"గిదేంది మామా" అన్నాను.

"కట్టమైసమ్మ బిడ్డా. ఎండకాలం చెర్వు మట్టి పోయించిన గదా, దాంట్ల ఎల్లింది. ఊరందరు పోయించుకున్నరు, ఎవ్వరికి ఎల్లలె, నా పొలంలనే ఎల్లింది. చెర్వుకట్ట మీదికెల్లి తల్లే తన జెండ పంపింది. అందుకే తీస్త లేను. పసుపు కొంచెం మెత్తవడ్డది గని, తల్లి సూసుకుంటది."

"దాని మీద నంబరున్నది మామా."

"ఉన్నది. గుడోళ్లు ఏసుకుంటరేమో, లెక్క తప్పకుంట."

కుంకుమ వేలితో తుడిచాను. ఇరవై ఏడు. ఏడు మధ్యలో అడ్డగీత. అన్నా, మన ఊళ్లో ఏడు మధ్యలో గీత పెట్టేది నేనొక్కదాన్నే. ఒకటి అనుకుని పొరపాటు పడతారని నేను పెట్టుకున్న గీత అది. ఇరవై ఏడు నాకు బాగా గుర్తుంది. పెద్ద గుంత నడుమ గుచ్చాను. మిషన్ ముల్లు చివరిదాకా పోయి ఆగిన చోటు.

కాబట్టి టిప్పర్లు హైదరాబాద్ పోలేదు. డిపో గేటు దాటి మన చెరువు అంచుదాకా పోయి, అక్కడ ఒంపేసి వచ్చాయి. ఆ ఎండాకాలం చెరువు పూడిక తీస్తున్నారు కాబట్టి నల్లమట్టి కుప్పలు చూసి ఎవరికీ అనుమానం రాలేదు. ఎర్రచెలకలున్న మనవాళ్లు నల్లమట్టి అంటే పేరంటం పిలిచినట్టు ఉరుకుతారు కదా. విషం ఎక్కడుందో చూపడానికి నేను గుచ్చిన జెండాకు మామ పొద్దున్నే దండం పెడుతున్నాడు.

మామకు ఇంకా చెప్పలేదు. చెబితే ఇప్పుడే డిపో గేటు మీద పడతాడు, రాజశేఖర్ జాగ్రత్త పడతాడు. వాణ్ని జాగ్రత్త పడనీయను. రాధాబాయి అత్తతో మాత్రం, బీడీ ఆకు బాయి నీళ్లతో తడపకు, బోరు నీళ్లయితే ఆకు మెత్తగా ఉంటుంది అని అబద్ధం చెప్పాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. చెరువు అంచు నుంచి మామ పొలానికి ఆ మట్టి తోలిన ట్రాక్టర్ ఎవరిది?

నాకు తెలుసు. నీ నోటితో వినాలి.

రోజా


జైలు, నిజామాబాద్,
అక్టోబర్ 9.

రోజా,

ఇది సార్లు చదవని ఉత్తరం. లింగం విడుదలై పోతున్నాడు. బనీను లోపల పెట్టుకుని తెచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. అన్నం పెట్టి పంపు.

ట్రాక్టర్ నాదే. మామ పొలానికే కాదు, పదకొండు పొలాలకు తోలాను. చెరువు అంచున ఉన్న కుప్పలు ఎత్తమని రాజశేఖరే చెప్పాడు. పూడిక మట్టే, ఊరికి మా కంపెనీ సేవ అనుకో, అన్నాడు. మొదటి రెండు రోజులు నిజమే అనుకున్నాను. మూడో రోజు ఎండ ముదిరాక వాసన తెలిసింది. బాపు అంగీల వాసన అది. నాకు తెలియదని నీకు రాయలేను. ఎండాకాలమంతా ట్రాక్టర్ ఖాళీగా నిలబడకుండా పని దొరికింది, ముక్కు మూసుకున్నాను. అందరూ నల్లమట్టి పోయవా రంజిత్ అని బతిమిలాడుతుంటే గొప్పగా కూడా అనిపించింది.

చివరి ట్రిప్పు నిజామాబాద్‌కు. రాజశేఖర్ ఇంటి ముందు గులాబీలు పెట్టుకోవడానికి మంచి చెరువు మట్టి ఒక ట్రాలీ కావాలన్నాడు. అసలు పూడిక మట్టి వేరే కుప్ప ఉంది, దాంట్లోంచే నింపమన్నాడు. అప్పటికే నాకు మండుతోంది. వాడికి వేరే కుప్ప ఎందుకో నాకు అర్థమైంది. నేను ఊరికి తోలిన ఈ కుప్పలోంచే నింపాను. నింపుతుంటే పారకు ఎర్రజెండా తగిలింది. ముప్పై ఏడు. ఏడు మధ్యలో గీత. నువ్వు చేత్తో రాసింది నేను ఊరంతా పంచానని అప్పుడు పూర్తిగా తెలిసింది.

జెండా తీసి టూల్‌డబ్బాలో పెట్టి, ట్రాలీతో వాడి ఇంటికి పోయాను. వాడి గులాబీల్లోనే పోయాలనుకున్నాను. ట్రాలీ ఎత్తే మీట మీద చెయ్యి పెట్టాను. గేటు తీసింది వాడి బిడ్డ. ఆరేళ్లుంటాయి. ప్లాస్టిక్ డబ్బాతో మొక్కలకు నీళ్లు పోస్తోంది. "అంకుల్, మట్టి తెచ్చినవా? నేను గుడి కట్టుకుంట" అంది.

పోయలేకపోయాను రోజా. ట్రాలీ వెనక్కి తిప్పాను. దారి పొడవునా ఎక్కడ పోయాలో తెలియలేదు, ఎక్కడైనా అది ఎవరో ఒకరి నేల. చివరికి మన చెలకలో బాయి దగ్గరి మూలన పోసి, నేరుగా డిపోకు పోయాను. మట్టి సంగతి తెలుసని వాడితో అన్నాను. వాడు కుర్చీలోంచి లేవలేదు కూడా. "నీ ట్రాక్టర్, నీ చెయ్యి, నీ ఊరు. నా సంతకం ఏడుంది చూపెట్టు" అన్నాడు. అప్పుడు కొట్టాను.

ఇంకొకటి. మొదటి ములాఖత్‌కు అవ్వ వచ్చినప్పుడు, అద్దం అవతల నిలబడి, "మంచి మట్టి పోసి పోయినవ్ కొడుకా, గోంగూర ఏసిన, ఏపుగ లేస్తున్నది" అని నవ్వింది. చుట్టూ మనుషులు. నోరు రాలేదు. అందుకే పాములున్నాయని రాశాను.

పోయిన వారం రాజశేఖర్ వకీలు వచ్చాడు. నేను మట్టి మాట ఎత్తకపోతే కేసు రాజీ చేస్తాడట. సంక్రాంతి లోపు ఇంట్లో ఉండొచ్చు. నాకు బయటికి రావాలని ఉంది. నేను వచ్చేదాకా నువ్వు నోరు విప్పకు. నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

రంజిత్


మల్లకుంట,
అక్టోబర్ 15.

రంజిత్,

ఈ ఉత్తరంలో నిన్ను అన్నా అని పిలవడం లేదు.

లింగానికి అన్నం పెట్టాను. ఈ ఉత్తరం కూడా సార్ల కంట పడకుండా అవ్వ వాయిదా రోజు ఇస్తుంది. ఉత్తరం చదివి, అన్నం తింటున్న మనిషి ముందే లేచి చెలకకు పోయాను. అవ్వ గోంగూర మొత్తం పీకి పారేశాను. అవ్వ వెనకాలే వచ్చి, "పిచ్చి లేసిందాయె నీకు, పండిన కూర పీకుతవా" అని తిట్టింది. రెండు నెలలుగా ఆ కూర తింటున్నాం. పుల్లగా, కమ్మగా ఉందని నేనే రెండోసారి వేయించుకున్నాను. పాములట. పాము గురించి రాయడానికి చెయ్యి వచ్చింది, ఇది ముట్టకండి అని రాయడానికి రాలేదు.

రాజశేఖర్‌ను కొట్టడానికి ఒక రాడ్డు ఎత్తావు. నీకెవరు ఎత్తాలి?

నేను ఇన్ని నెలలు వాడి మీద పళ్లు నూరుతూ పడుకున్నాను, లేచాను. ఇప్పుడు ఎవరి మీద నూరాలో చూసుకుంటే ఇద్దరు కనబడుతున్నారు. ఒకడికి నేను రొట్టెలు కట్టి పంపుతున్నాను.

ముప్పై ఏడో జెండా టూల్‌డబ్బాలో దొరికింది. నా దగ్గరుంది.

వచ్చే నెల ఇరవయ్యో తారీఖు డిపోలో ముగింపు సభ. పెద్ద ఆఫీసర్లు వస్తారు, నేల శుభ్రమైందని కాగితం చేతులు మారుతుంది. రాజశేఖర్ నన్ను పిలిచి కుర్చీ వేశాడు. మొదటిసారి. "ఊరి పిల్ల మాట్లాడితే బాగుంటది రోజా. మా ఊరు శుభ్రమైంది, కంపెనీకి ధన్యవాదాలు. నాలుగు ముక్కలు చాలు. మీ అన్న సంగతి నేను చూసుకుంట" అన్నాడు.

మాట్లాడతాను సార్ అన్నాను.

రోజా


జైలు, నిజామాబాద్,
నవంబర్ 2.

చెల్లె రోజాకు,

నువ్వు అన్నా అనకపోయినా పరవాలేదు. మాట్లాడతానన్నావని చదివాక, రెండు రోజుల తరువాత కడుపునిండా తిన్నాను. నాలుగు ముక్కలే కదా, చెప్పెయ్యి. నేను బయటికి వచ్చాక ఇద్దరం కలిసి వాడి సంగతి చూద్దాం, అప్పుడు నువ్వు ఏది చెయ్యమంటే అది చేస్తాను. మామకు నేనే చెబుతాను. నా కోసం ఇంత కోపం మింగావు, మరిచిపోను.

అవ్వకు రక్త పరీక్ష చేయించు.

రంజిత్


మల్లకుంట,
నవంబర్ 24.

అన్నా,

ఇది వాయిదా రోజు కోర్టు వరండాలో అవ్వ నీ చేతిలో పెడుతుంది. నేను కోపం మింగలేదు. ముందే రాస్తున్నాను, నిలబడి చదువుతుంటే ఏదైనా పట్టుకో.

ముగింపు సభకు డిపోలో షామియానా వేశారు. ఊరంతా వచ్చింది, భోజనాలున్నాయి కదా. రాజశేఖర్ కొత్త అంగీకి కాలర్ మైకు తగిలించుకుని, చేతులు రెండూ ఊపుతూ మాట్లాడాడు. ఇక్కడి విషపు మట్టి పిడికెడు కూడా మిగలకుండా తీసి, శుద్ధి చేసి, నేలకు మళ్లీ ప్రాణం పోశామన్నాడు. ఆ పక్కన శిరీష మేడం నవ్వే వానపాము బొమ్మ పట్టుకుని నిలబడింది. తరువాత నన్ను పిలిచారు. వేరే మైకు ఇచ్చారు.

"సార్, నేను గుంతలల్ల జెండలు గుచ్చిన పిల్లను. నాకొక చిన్న అనుమానం. ఈడికెల్లి పోయిన మట్టి ఎవరి పొలంలన్న వడితే ఏమన్న అయితదా?"

"ఏం కాదమ్మా. శుద్ధి చేసిన మట్టి."

"పిల్లలు ముట్టుకున్నా?"

"ముద్దలు చేసి ఆడుకున్నా ఏం కాదు" అన్నాడు. ఆఫీసర్ల వైపు తిరిగి నవ్వాడు. వాళ్లు కూడా నవ్వారు.

అప్పుడు సంచిలోంచి ముప్పై ఏడో జెండా తీసి, వాడి ముందర బల్ల మీద, పూలదండ పక్కన పెట్టాను. ఎండిన నల్లమట్టి ఇంకా తీగకు పట్టుకునే ఉంది.

"అయితె మంచిది సార్. ఇది నేను రాసిన నంబరే. పెద్ద గుంతల మట్టి. మా అన్న జైలుకు పోయిన నాడు ఈ మట్టి ట్రాలీ నిండ నింపుకోని నిజామాబాద్ల మీ ఇంటికి తెచ్చిండు. గేటు మీ పాపనే తీసింది, అడుగుండ్రి. ఆ మట్టితోని గుడి కట్టుకుంట అన్నది. కట్టుకున్నదా సార్, గుడి?"

నేను గులాబీల్లో పోశాడని అనలేదు అన్నా. ఇంటికి తెచ్చాడన్నాను. అది నిజమే. మిగతాది వాడు అనుకున్నాడు. ఆ రోజు నుంచి వాడు కుట్లతో ఆసుపత్రిలో ఉన్నాడు కదా, గులాబీల కింద ఏ మట్టి పడిందో వాడు చూడలేదు.

మొహంలో నెత్తురు దిగిపోవడం నేను దగ్గరి నుంచి చూశాను. ఇన్ని నెలలు నేను కోరుకున్నది అదే. ఇంత దగ్గరగా దొరుకుతుందనుకోలేదు. వాడు ఫోన్ తీశాడు. కాలర్ మైకు సంగతి మరిచిపోయాడు. "పాప ఏడుంది? బయటనా? లోపలికి గుంజుకురా ముందు. చేతులు సబ్బు పెట్టి కడుగు. నోట్ల ఏమన్న పెట్టుకున్నదేమో చూడు. ఆ మట్టి ముట్టనియ్యకు, నువ్వు గూడ ముట్టకు." డిపో నాలుగు మూలలా పెట్టిన సౌండు బాక్సుల్లోంచి ప్రతి మాటా వినబడింది. ఆఫీసర్లు విన్నారు. పేపరు వాళ్లు విన్నారు. మేడం చేతిలోని వానపాము అట్ట మెల్లగా కిందికి దిగింది.

వాడు ఫోన్ దించేసరికి ఆశన్న మామ లేచాడు. పొక్కుల చేతులు రెండూ ముందుకు చాపాడు.

"నీ బిడ్డ చేతులు కడుగుమంటివి సారూ. నా చేతులు ఎవ్వలు కడగాలె?"

నేను అక్కడ ఆగిపోవచ్చు. ఆగితే నీ పేరు బయటపడదు, అందరూ వాడి మీదే పడేవాళ్లు. కానీ మైకు నా చేతిలోనే ఉంది, మామ చేతులు నా ముందే ఉన్నాయి. టిప్పర్లు చెరువుదాకా తెచ్చాయి, అక్కడి నుంచి పదకొండు పొలాలకు తోలింది మా అన్న రంజిత్, వాసన తెలిసి కూడా తోలాడు అని చెప్పాను. నాకు సెప్టెంబర్‌లోనే తెలుసని కూడా చెప్పాను. కాబట్టి నీ రాజీ అక్కడితో చచ్చింది. నేనే చంపాను.

ముగింపు కాగితం మీద సంతకాలు కాలేదు. పెద్ద ఆఫీసర్ ఆ రోజే పొలాల మట్టి, బాయి నీళ్లు సీసాల్లో పట్టించాడు. నేనే పట్టాను, ఇంకెవరికీ చేతకాలేదు. రాజశేఖర్ మీద కేసు కట్టారు. వాడు మాత్రం అంతకన్నా పెద్ద పనిలో ఉన్నాడట. లింగం నిజామాబాద్‌లో చూసి వచ్చి చెప్పాడు: ఇంటి ముందు గులాబీలు పీకించి, నడుము లోతు తవ్విస్తున్నాడు, పరిచిన బండలు కూడా లేపించాడు, భార్య పిల్లను తీసుకుని తల్లిగారింటికి పోయింది. అక్కడ ఏమీ లేదని వాడికి ఒక్క కార్డు రాస్తే చాలు. రాయమని నువ్వు అంటావని తెలుసు. రాయను. తవ్వుకోనీ. మనం ఎన్నాళ్లు తవ్వుకోవాలో ఎవరైనా మనకు కార్డు రాస్తున్నారా.

మామ ఆ సాయంత్రం మన ఇంటికి వచ్చాడు. అవ్వ కుర్చీ వేసింది, కూర్చోలేదు. నావైపే చూశాడు.

"సారు నాకు పరాయోడు. వాని మీద నాకు కోపమొస్తది, పోతది. నువ్వు నా పొలంల కూసోని కలుపు తీసినవ్. నేను దండం వెడుతుంటె పక్కన నిలవడి సూసినవ్. రెండు నెల్లు సూసినవ్, వాని మొఖం సూసుడు కోసం. మీ అన్న మట్టి పోసిండు. నువ్వు నా చేత మొక్కిచ్చినవ్."

ఇరవై ఏడో జెండా తెచ్చాడు. కుంకుమ అట్లాగే ఉంది. మన గుమ్మం ముందర, అవ్వ ముగ్గు వేసే చోట, తీగ గుచ్చి, కాలితో మట్టి తొక్కి గట్టి చేసి పోయాడు. రాధాబాయి అత్త అప్పటి నుంచి మన ఇంటి ముందు నడవడం లేదు. చుట్టూ తిరిగి పోతోంది.

అవ్వ దాన్ని పీకబోయింది. నేను పీకనీయలేదు. విషం ఉన్న చోట జెండా ఉండాలి. అది నా పనే.

రక్త పరీక్ష ఇద్దరం చేయించుకున్నాం. కాగితం రావాలి.

రోజా


జైలు, నిజామాబాద్,
డిసెంబర్ 6.

చెల్లె రోజాకు,

ఇది కూడా సార్లు చదవని ఉత్తరమే, విడుదలవుతున్న ఇంకొకతను తెచ్చిస్తాడు. నీది కోర్టు వరండాలో గోడ పట్టుకుని చదివాను. మొదటిసారి చదివినప్పుడు నిన్ను తిట్టాను. కానిస్టేబుల్ కూడా విన్నాడు. రెండోసారి చదివేసరికి తిట్లు అయిపోయాయి.

జడ్జికి కాగితం రాశాను. పదకొండు పొలాలు, మనదితో పన్నెండు, ఎవరివి, ఎన్నెన్ని ట్రాలీలు, ఏ మూలన పోశాను, వాసన తెలిసిన రోజు ఏది, అన్నీ. మొట్టమొదట మన చెలక రాశాను, తరువాత ఆశన్న మామది. నా వకీలు చదివి, "ఇది ఇచ్చినవంటె ఇంకో కేసు నీ మెడల నువ్వే ఏసుకున్నట్టు" అన్నాడు. వేసుకున్నాను. రాజశేఖర్ కుప్పలు చూపించిన చోటు కూడా గీత గీసి ఇచ్చాను, ఈసారి వాడి సంతకం లేకపోయినా వాడు తప్పించుకోలేడు.

ఆ చివరి ట్రాలీ నిజామాబాద్ పోయిందని రాశాను. గేటు దగ్గరి నుంచి వెనక్కి తిప్పానన్న ముక్క ఒక్కటీ రాయలేదు. మన చెలకలో పోసింది వేరే ట్రిప్పు అనుకుంటారు. "ఇంకేమన్న మిగిలిందా" అని వకీలు అడిగాడు. ఏం లేదన్నాను. నువ్వన్నట్టే, తవ్వుకోనీ.

మామకు ఉత్తరం రాయబోయి నాలుగు కాగితాలు చింపాను. నేను వచ్చాక ఆయన ముందర నిలబడతాను, ఏది ఎత్తితే దానితో కొట్టనీ.

నేను వచ్చేసరికి చాలా రోజులు పడుతుంది. ఆ జెండా ఎండకు వెలిసిపోతుంది, వానకు రాత పోతుంది. పోనీయకు. మార్కర్ తీసుకుని మళ్లీ దిద్దు. ఏడు మధ్యలో గీత మరిచిపోకు.

మీ అన్న,
రంజిత్